పెల్లె పేరుతో ఆడిన అమ్మాయి: పియా సుండ్‌హాగె, స్ట్రైకర్ నుంచి కోచ్ దాకా

సభకు నమస్కారం. నిర్వాహకులు నన్ను మాట్లాడమని పిలిచి, విషయం మీ ఇష్టం అన్నారు. ముప్పై ఏళ్లు విజిల్ మెడలో వేసుకుని గ్రౌండులో అరిచిన ఫిజికల్ డైరెక్టరు చేతికి మైకిచ్చి అలా అనడం ప్రమాదమని వారికి తోచినట్టు లేదు. అందుకే నాకు నేనే ఒక హద్దు గీసుకున్నాను. ఈ గంటలో ఒకే ఒక మనిషి గురించి, ఆమె ఆట గురించి, ఆట మానేశాక ఆమె చేసిన పని గురించి మాత్రమే మాట్లాడతాను. ఆమె పేరు పియా సుండ్‌హాగె. స్వీడన్ దేశస్థురాలు.

ఎక్కడో స్వీడన్‌లో పుట్టిన మనిషితో మనకేం పని అనుకునేవారి కోసం ముందుగా ఒక మ్యాచ్ గుర్తుచేస్తాను. 2021 నవంబరు 25న, బ్రెజిల్‌లో అమెజాన్ అడవుల నడుమ ఉన్న మనాస్ నగరంలో, భారత మహిళల జట్టు బ్రెజిల్‌తో తలపడింది. అక్కడ రాత్రి, ఇక్కడ మనకు మర్నాటి ఉదయం. మొదటి నిమిషంలోనే బ్రెజిల్ గోల్ చేసింది. టీవీ ముందు కూర్చున్న మాలాంటివాళ్లం ఇక లెక్కపెట్టుకోవడమే మిగిలిందని నిట్టూర్చేలోపే, ఎనిమిదో నిమిషంలో పంజాబ్ అమ్మాయి మనీషా కళ్యాణ్ బంతితో దూసుకెళ్లి గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. చివరికి 6-1తో ఓడిపోయాం, ఆ మాట దాచనక్కర్లేదు. అయినా బ్రెజిల్ సీనియర్ జట్టు మీద భారత అమ్మాయి గోల్ కొట్టిన రోజు అది. ఆ రోజు నేను మైదానం అంచున నిలబడ్డ ఇద్దరు కోచ్‌లను గమనిస్తూ కూర్చున్నాను. ఇద్దరూ స్వీడన్ వాళ్లే. మన జట్టు కోచ్ థామస్ డెన్నర్‌బీ, బ్రెజిల్ కోచ్ పియా సుండ్‌హాగె. 2011 ప్రపంచకప్‌లో డెన్నర్‌బీ స్వీడన్ జట్టుకూ, పియా అమెరికా జట్టుకూ కోచ్‌లుగా ఎదురుపడ్డారు. లీగ్ దశలో జరిగిన ఆ మ్యాచ్‌లో స్వీడన్ 2-1తో గెలిచింది. మరుసటి ఏడాది డెన్నర్‌బీ ఖాళీ చేసిన కుర్చీలోకే పియా వచ్చి కూర్చుంది. పదేళ్ల తరువాత ఆ ఇద్దరూ ఒకరు బ్రెజిల్ వైపు, ఒకరు భారత్ వైపు నిలబడి మనాస్‌లో చేతులు కలిపారు. కోచ్ వృత్తి మనిషిని ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పడానికి నా దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఇక మొదటికి వస్తాను. పియా 1960 ఫిబ్రవరి 13న స్వీడన్ నైరుతి ప్రాంతంలోని ఉల్రిసెహామ్న్ అనే చిన్న పట్టణంలో పుట్టి, ఆ దగ్గర్లోని మార్బెక్ అనే పల్లెలో పెరిగింది. ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ జట్టు లేదు. ఆమెకేమో బంతి కాలి దగ్గర లేకపోతే తోచదు. మగపిల్లల జట్టు కోచ్ ఆమె ఆట చూసి, వదులుకోలేక, ఒక ఉపాయం పన్నాడు. పియా అన్న పేరును పెల్లె అని మార్చి, మగపిల్లాడి పేరుతో ఆమెను ఆడించాడు. పెల్లె అన్నది స్వీడన్‌లో మగపిల్లలకు పెట్టే మామూలు పేరు. కానీ చెవికి మాత్రం బ్రెజిల్ దేవుడు పెలె పేరులాగే వినిపిస్తుంది. ఆ పిల్లే పెద్దయ్యాక పెలె దేశపు జాతీయ జట్టుకు కోచ్‌గా వెళ్లింది. కథలో ఎవరైనా ఇలా రాస్తే అతికించినట్టుందని మనమే తప్పుపడతాం.

ఆ కోచ్ పన్నిన ఉపాయం వెనుక ఎంత బరువుందో తెలియాలంటే ఆ కాలం గురించి రెండు మాటలు చెప్పాలి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 1921లో తన సభ్య క్లబ్బుల మైదానాల్లో స్త్రీలు ఆడకూడదని తీర్మానించి, దాదాపు యాభై ఏళ్లపాటు ఆ నిషేధాన్ని అలాగే ఉంచింది. పశ్చిమ జర్మనీ 1955 నుంచి 1970 దాకా అదే పని చేసింది. బ్రెజిల్‌లో 1941లో ప్రభుత్వ ఉత్తర్వే వచ్చింది, స్త్రీ ప్రకృతికి సరిపడని ఆటలు ఆడకూడదని. అది 1979 దాకా తొలగలేదు. అంటే పియా బ్రెజిల్‌లో పుట్టి ఉంటే, ఆమెకు పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా బంతిని తన్నడమే చట్టవిరుద్ధమై ఉండేది. స్వీడన్ మహిళల జట్టు తన మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఫిన్లాండ్‌తో ఆడింది 1973లో. ఆ తరువాత రెండేళ్లకే, 1975లో, పదిహేనేళ్ల పియా ఆ జట్టులోకి వచ్చింది. పదో తరగతి చదివే వయసు. అప్పటి నుంచి 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఏడాది దాకా, ఇరవై ఒక్క ఏళ్లు, దేశం తరఫున 146 మ్యాచ్‌లు ఆడి 71 గోల్స్ చేసింది. రెండు మ్యాచ్‌లకు ఒక గోల్ చొప్పున ఇరవై ఏళ్లు నిలబెట్టడం ఎంత కష్టమో, ఇక్కడ కూర్చున్న ఫార్వర్డ్‌లకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ 71 గోల్స్ అన్నింటినీ వదిలేసి 1984 దగ్గర ఆగుతాను. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య మహిళల కోసం మొట్టమొదటిసారి పోటీ పెట్టిన ఏడాది అది. దాన్ని ఛాంపియన్‌షిప్ అని పిలవడానికి కూడా పెద్దలు ధైర్యం చేయలేదు. మ్యాచ్ తొంభై నిమిషాలు కాదు, ముప్పై అయిదు నిమిషాల చొప్పున రెండు సగాలు. బంతి కూడా చిన్నది, మనం పిల్లలకు ఇచ్చే నాలుగో నంబరు సైజు. ఫైనల్ రెండు అంచెలుగా, స్వీడన్, ఇంగ్లండ్ జట్ల మధ్య జరిగింది. మే 12న గోథెన్‌బర్గ్‌లోని ఉల్లెవి స్టేడియంలో పియా తలతో కొట్టిన గోల్‌తో స్వీడన్ 1-0తో గెలిచింది. మే 27న ఇంగ్లండ్‌లోని లూటన్‌లో రెండో అంచె. మైదానమంతా బురద. మా తరంలో వానాకాలం టోర్నమెంట్లు ఆడినవాళ్లకు ఆ బురద తెలుసు. బంతిని తన్నితే బంతి కదలదు, కాలే జారిపోతుంది. ఆ బురదలో లిండా కర్ల్ గోల్‌తో ఇంగ్లండ్ 1-0తో గెలిచింది. మొత్తం లెక్క 1-1 అయి పెనాల్టీల దాకా వెళ్లింది. స్వీడన్ గోల్‌కీపర్ ఎలిసబెత్ లీడింగే పెనాల్టీలను ఆపి దారి చూపింది. చివరి పెనాల్టీ తన్నడానికి పియా వచ్చింది. కొడితే కప్పు స్వీడన్‌ది. కొట్టింది. 4-3. ఆ సాయంత్రం స్టేడియంలో ఉన్న ప్రేక్షకులు మూడు వేలకు లోపే.

ఆ మూడు వేలలోపు మందిని గుర్తు పెట్టుకోండి. దీనికి సరిగ్గా ఇరవై ఎనిమిదేళ్ల తరువాత, అదే ఇంగ్లండ్‌లో, వెంబ్లీ స్టేడియంలో, అదే మనిషి కోచ్‌గా ఉన్న జట్టు ఒలింపిక్ ఫైనల్ ఆడినప్పుడు లోపల కూర్చున్నవాళ్లు 80,203 మంది. మహిళల ఫుట్‌బాల్ ఎంత దూరం వచ్చిందో ఎవరైనా అడిగితే నేను ఈ రెండు అంకెలే చెబుతాను. ఆ రెండు చోట్లా ఉన్న మనిషి ఒక్కరే కావడం కేవలం కాకతాళీయం అనుకోను. ఆ మధ్య దూరంలో కొంత భాగాన్ని ఆమె తన కాళ్లతో నడిచింది, కొంత భాగాన్ని ఇతరుల కాళ్లతో నడిపించింది.

క్లబ్బుల సంగతి త్వరగా ముగిస్తాను. సొంత ఊరి జట్టుతో మొదలుపెట్టి, యిటెక్స్, ఓస్టెర్, హమ్మార్‌బీ వంటి స్వీడన్ క్లబ్బుల్లో ఆడింది. 1985లో ఇటలీ వెళ్లి రోమ్ నగరపు లాజియో జట్టులో ఆడింది. 1988లో స్వీడన్ తపాలా శాఖ ఆమె బొమ్మతో స్టాంపు వేసింది. ఫుట్‌బాల్ ఆడే స్త్రీ బొమ్మను ఉత్తరాల మీద అతికించి నాలికతో తడిపిన దేశం అన్నమాట! 1991లో చైనాలో జరిగిన మొదటి మహిళల ప్రపంచకప్‌లో, క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశం చైనాను స్వీడన్ 1-0తో ఓడించింది, ఆ ఒక్క గోల్ పియాదే. ఆ పోటీలో స్వీడన్ మూడో స్థానంతో తిరిగొచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పియా ఎక్కువకాలం ఫార్వర్డ్‌గానే ఆడినా, మధ్యలో మిడ్‌ఫీల్డ్‌లోనూ ఆడింది, అందరికన్నా వెనుక నిలబడి గోల్‌కీపర్ ముందు తుడిచిపెట్టే స్వీపర్ స్థానంలో కూడా ఆడింది. ముందు నుంచి వెనక్కి వచ్చిన ఆటగాళ్లకు ఒక లాభం ఉంటుంది. స్ట్రైకర్ స్థానంలో నిలబడితే మైదానంలో పదిమంది ఆట మన వెనుక జరుగుతుంది, మనకు కనబడేది గోల్‌పోస్టూ, ఇద్దరు డిఫెండర్ల భుజాలూ మాత్రమే. స్వీపర్ స్థానంలో నిలబడితే మొత్తం ఆట మన ముందు చాపలా పరుచుకుంటుంది. ఆమె కోచ్ చూపు ఆ వెనుక స్థానంలోనే పుట్టిందని నా నమ్మకం. ఇది నా ఊహ. కానీ ముప్పై ఏళ్లు పిల్లలను చూసినవాడి ఊహ.

కోచ్ పనిలోకి ఆమె ఒక్కసారిగా దూకలేదు. 1992 నుంచి 1994 దాకా హమ్మార్‌బీలో ఆడుతూనే కోచ్ పని చేసింది. ఆట మానేశాక స్వీడన్ క్లబ్బుల్లో సహాయ కోచ్‌గా పనిచేసి, అమెరికాలో స్త్రీల కోసం మొదలైన వృత్తి లీగ్‌లో ఫిలడెల్ఫియా జట్టుకు సహాయ కోచ్‌గా వెళ్లింది. 2003లో బోస్టన్ బ్రేకర్స్ కోచ్ అయ్యి, ఆ జట్టును లీగ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిపి, ఆ ఏటి ఉత్తమ కోచ్ అనిపించుకుంది. ఆ సెప్టెంబరులోనే డబ్బు చాలక లీగే మూతపడింది. ఏ మగ కోచ్ జీవితంలోనైనా ఇలా జరిగిందేమో నాకు అనుమానమే: ఉత్తమ కోచ్ బహుమతి వచ్చిన ఏడాదే ఆ బహుమతి ఇచ్చిన లీగ్ లేకుండా పోవడం. తరువాత నార్వేలో కోల్‌బోట్న్, స్వీడన్‌లో ఓరెబ్రో జట్లు, 2007లో చైనా జాతీయ జట్టుకు సహాయ కోచ్ పదవి. ఈ పదిహేనేళ్ల ప్రయాణాన్ని మనవాళ్లు సాధారణంగా ఒక వాక్యంలో దాటేస్తారు, నేనూ అదే చేశాను. కానీ ఎంత పెద్ద ఆటగాడైనా రేపటి నుంచి కోచ్‌నే అనుకుని బయలుదేరితే అలా కాలేడని ఈ పదిహేనేళ్లు చెబుతాయి. 146 మ్యాచ్‌ల మనిషి సహాయ కోచ్‌గా శంకువులు సర్దింది, బంతులు మోసింది.

ఇప్పుడు 2007. నా ఉపన్యాసంలో గట్టిగా నిలబడాల్సిన చోటు ఇదే. చైనాలో ప్రపంచకప్ సెమీఫైనల్‌కు ముందు అమెరికా కోచ్, అప్పటిదాకా అన్ని మ్యాచ్‌లూ ఆడిన గోల్‌కీపర్ హోప్ సోలోను పక్కన కూర్చోబెట్టి, అనుభవం ఉన్న బ్రియానా స్కర్రీని దింపాడు. అమెరికా 4-0తో బ్రెజిల్ చేతిలో ఓడింది. మ్యాచ్ అయ్యాక సోలో కెమెరాల ముందు, తానుంటే ఆ గోల్స్ ఆపేదాన్నని అర్థం వచ్చేలా మాట్లాడింది. తోటి క్రీడాకారిణిని బహిరంగంగా అవమానించిందని జట్టంతా ఆమెను వెలివేసినంత పని చేసింది. మూడో స్థానం మ్యాచ్‌కు ఆమెను దూరం పెట్టారు. మన పల్లెల్లో కులపెద్దలు నీళ్లూ నిప్పూ బంద్ చేసినట్టు అనుకోండి. అలాంటి జట్టును, ఆ నవంబరులో, ఇంగ్లీషు మాతృభాష కాని ఒక పరాయి దేశపు స్త్రీ చేతిలో పెట్టారు.

పియా వచ్చిన మొదటి సమావేశంలోనే ఏం చేసిందంటే, గిటారు తీసుకుని పాట పాడింది. కాలం మారుతోందన్న భావంతో అరవయ్యో దశకంలో అమెరికాలో ఊరూరా మోగిన ఒక పాత పాట అది. క్రీడాకారిణులు మొదట బిత్తరపోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాట కన్నా ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్న ముఖ్యం. మీకు గెలవాలని ఉందా అని అడిగింది. ఉందన్నారు. అయితే మనకు గోల్‌కీపర్లు కావాలి కదా అంది. జరిగింది మరిచిపొమ్మని మిమ్మల్ని అడగను గానీ క్షమించమని మాత్రం అడుగుతున్నాను అన్న సారాంశంతో మాట్లాడింది. గమనించారా, ఎవరిది తప్పో ఆమె తేల్చలేదు. విచారణ పెట్టలేదు. మనలో చాలామందిమి, జట్టులో గొడవ వస్తే, ముందుగా ఇద్దరినీ నిలబెట్టి ఎవరు ముందు అన్నారో తేలుస్తాం. నేనైతే ఎన్నోసార్లు అలాగే చేశాను, అలా చేసిన ప్రతిసారీ న్యాయం నిలబడి జట్టు చెడింది.

పది నెలల్లో బీజింగ్ ఒలింపిక్స్. బయలుదేరడానికి కొద్ది రోజుల ముందు, బ్రెజిల్‌తో సన్నాహక మ్యాచ్‌లో, జట్టు ప్రధాన స్ట్రైకర్ ఆబీ వామ్‌బాక్ కాలు విరిగింది. ఒలింపిక్స్ మొదటి మ్యాచ్‌లో నాలుగు నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చి నార్వే చేతిలో 2-0తో ఓడారు. అక్కడి నుంచి లేచి ఫైనల్లో, ఏడాది కిందట తమను 4-0తో మట్టి కరిపించిన అదే బ్రెజిల్‌ను, అదనపు సమయంలో కార్లి లాయిడ్ కొట్టిన ఒకే ఒక గోల్‌తో ఓడించారు. గోల్‌పోస్టు ముందు నిలబడి బ్రెజిల్ దాడులన్నీ ఆపింది ఎవరనుకుంటున్నారు? సోలోనే.

ఆట విషయంలో పియా తెచ్చిన మార్పు పాట కన్నా నెమ్మదైనది. అంతవరకు అమెరికా జట్టు బలం, వేగం నమ్ముకుని బంతిని దూరంగా ముందుకు కొట్టి పరుగెత్తేది. ఆమె బంతిని కాళ్ల దగ్గర ఉంచుకుని మిడ్‌ఫీల్డ్ మీదుగా నడిపించమంది. పెద్దగా తిట్టదు, తప్పుల చిట్టా విప్పదు. జరిగిన ఆటలో బాగున్నదాన్ని ముందు చూపించి, అదే ఇంకోసారి చేయమంటుంది. గ్లాసులో సగం నీళ్లున్నాయి అన్నది ఆమె ఊతపదం. ఇది వినడానికి గోడ మీద అంటించే సూక్తిలాగా ఉంటుందని నాకు తెలుసు, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. తరువాత అర్థమైంది, ఇది స్ట్రైకర్ వృత్తి నేర్పిన లెక్క అని. గోల్‌కీపర్ ఒక్క తప్పు చేస్తే ఊరంతా గుర్తు పెట్టుకుంటుంది. స్ట్రైకర్ కొట్టిన షాట్లలో ఎక్కువ భాగం బయటికే పోతాయి. పదిసార్లు తప్పిపోయాక పదకొండోసారి అంతే ధైర్యంగా కాలు ఎత్తగలిగేవాళ్లే స్ట్రైకర్లుగా మిగులుతారు. ఇరవై ఒక్క ఏళ్లు ఆ పని చేసిన మనిషి, కోచ్ అయ్యాక తప్పిపోయిన షాట్ల గురించి మాట్లాడదు.

2011 జర్మనీ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో ఆ స్వభావం మొత్తం జట్టుకు అంటుకున్నట్టు కనిపించింది. డ్రెస్‌డెన్‌లో, మళ్లీ బ్రెజిల్‌తో. ముందు ఒక గోల్ ఆధిక్యంలో ఉన్న అమెరికా, రెడ్ కార్డు వల్ల పదిమందితో ఆడుతోంది. సోలో ఆపిన పెనాల్టీని మళ్లీ కొట్టించారు, బ్రెజిల్ మేటి ఫార్వర్డ్ మార్తా గోల్ చేసింది. అదనపు సమయంలో మార్తాయే ఇంకో గోల్. 122వ నిమిషం, ఇక విజిల్ మోగడమే తరువాయి. ఎడమ వైపు నుంచి మేగన్ రపీనో వేసిన పొడవైన క్రాస్‌కు వామ్‌బాక్ తల ఆనించింది. 2-2. పెనాల్టీల్లో అమెరికా గెలిచింది. ఫైనల్లో మాత్రం జపాన్ రెండుసార్లు వెనకబడి రెండుసార్లూ సమం చేసి, పెనాల్టీల్లో కప్పు పట్టుకుపోయింది. భూకంపం, సునామీ ముంచెత్తి నాలుగు నెలలే దాటిన దేశం అది. ఆసియా నుంచి ప్రపంచకప్ గెలిచిన మొదటి జట్టు కూడా అదే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కెనడాతో. మూడుసార్లు వెనకబడి మూడుసార్లూ సమం చేసి, 123వ నిమిషంలో అలెక్స్ మోర్గాన్ హెడర్‌తో 4-3తో గెలిచారు. ఫైనల్లో జపాన్‌ను 2-1తో ఓడించారు. ఆ ఏటికి ఫిఫా ప్రపంచ ఉత్తమ మహిళల జట్టు కోచ్ బహుమతి ఆమెకే వచ్చింది. అమెరికా కోచ్‌గా ఆమె లెక్క 107 మ్యాచ్‌లు, 91 విజయాలు, 10 డ్రాలు, 6 ఓటములు. ఆ లెక్కతో ఎవరైనా అక్కడే ఉండిపోతారు. ఆమె సొంత దేశం పిలిచిందని వెళ్లిపోయింది.

స్వీడన్‌లో మొదట అంత సాఫీగా సాగలేదు. 2013లో సొంతగడ్డ మీద యూరో, అంటే యూరప్ ఛాంపియన్‌షిప్, సెమీఫైనల్లో జర్మనీ చేతిలో ఓడారు. 2015 ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా, మూడు డ్రాలతో గ్రూపు దాటి, మళ్లీ జర్మనీ చేతిలోనే 4-1తో ఓడి ఇంటిదారి పట్టారు. 2016 రియో ఒలింపిక్స్ గ్రూపు దశలో బ్రెజిల్ 5-1తో చితక్కొట్టింది. ఇంట గెలవని మనిషని పత్రికలు రాసి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

అప్పుడు జరిగింది నా దృష్టిలో ఆమె కోచ్ జీవితంలోకెల్లా గొప్ప పని. చాలామంది బీజింగ్, లండన్ బంగారు పతకాల పేరు చెబుతారు. నేను రియో వెండి పతకం పేరు చెబుతాను. అమెరికా జట్టులో ప్రపంచంలోకెల్లా మంచి ఆటగాళ్లున్నారు, వారిని ఒక్కటిగా నిలబెడితే చాలు. 2016 స్వీడన్ జట్టుకు అంత సరుకు లేదు. క్వార్టర్ ఫైనల్లో ఎదురుగా ఉన్నది అమెరికా, తాను అయిదేళ్లు నడిపిన జట్టు. ఎవరు ఎటు తిరుగుతారో, ఏ కాలితో కొడతారో ఆమెకు కంఠతా వచ్చు. ఎదురెదురుగా ఆడితే ఓడతామనీ తెలుసు. అందుకని జట్టు మొత్తాన్ని తమ గోల్ ముందు వెనక్కి జరిపి, రెండు వరుసలుగా గోడ కట్టి, బంతిని అమెరికాకే వదిలేసి, సందు దొరికినప్పుడు మాత్రం ముందుకు ఉరికించింది. స్టీనా బ్లాక్‌స్టేనియస్ అలా దొరికిన ఒక సందులోంచి గోల్ కొట్టింది. అమెరికా సమం చేసింది. పెనాల్టీల్లో స్వీడన్ 4-3తో గెలిచింది. మ్యాచ్ తరువాత హోప్ సోలో స్వీడన్ జట్టును పిరికివాళ్ల గుంపు అంది. తొమ్మిదేళ్ల కిందట జట్టు వెలివేసినప్పుడు తనను లోపలికి తెచ్చిన మనిషి జట్టునే ఆ మాట అంది. పియా నవ్వి, గెలిస్తే పిరికితనమైనా ఫర్వాలేదు అని జవాబిచ్చింది.

నాలుగు రోజుల తరువాత మారకానా స్టేడియంలో, పది రోజుల కిందట 5-1తో ఓడించిన బ్రెజిల్‌ను, అదే గోడ కట్టి 0-0 దగ్గర ఆపి, పెనాల్టీల్లో 4-3తో ఇంటికి పంపింది. ఫైనల్లో జర్మనీ 2-1తో గెలిచింది. వరుసగా మూడు ఒలింపిక్ ఫైనల్స్‌లో, రెండు దేశాల తరఫున, కోచ్‌గా నిలబడింది ఆమె. జీవితమంతా గోల్స్ కొట్టి బతికిన స్ట్రైకర్, గోల్స్ కొట్టనివ్వని జట్టును తయారుచేసింది. మనలో ఆడి కోచ్ అయినవాళ్లకు ఉండే పెద్ద జబ్బు ఏమిటంటే, మనం ఆడినట్టే పిల్లలందరూ ఆడాలనుకోవడం. డ్రిబ్లింగ్ చేసినవాడు డ్రిబ్లింగే నేర్పుతాడు. పియా చేతిలో ఏ పిండి ఉంటే ఆ రొట్టే చేసింది. చూసేవాళ్లకు ఆ ఆట అందంగా లేదన్నది నిజం. నేనూ ఆ రెండు మ్యాచ్‌లూ మళ్లీ కూర్చుని చూడమంటే ముఖం ముడుచుకుంటాను.

2019 జులైలో బ్రెజిల్ ఆమెను పిలిచింది. ఆడపిల్లలు ఆడడమే నేరమైన దేశం, తరువాత మార్తాను, ఏడు ప్రపంచకప్‌లూ ఏడు ఒలింపిక్స్ ఆడిన ఫోర్మిగాను ప్రపంచానికి ఇచ్చిన దేశం. ఇందాక చెప్పిన మనాస్ మ్యాచ్ ఫోర్మిగాకు దేశం తరఫున వీడ్కోలు మ్యాచ్ కూడా. 2022లో దక్షిణ అమెరికా దేశాల పోటీ కోపా అమెరికాలో బ్రెజిల్ ఇరవై గోల్స్ కొట్టి ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా కప్పు గెలిచింది. అయినా 2023 ప్రపంచకప్‌లో, గెలిస్తే గానీ ముందుకెళ్లలేని మ్యాచ్‌లో, మెల్‌బోర్న్‌లో జమైకా మీద ఒక్క గోల్ కొట్టలేకపోయింది. 0-0. 1995 తరువాత మొదటిసారి గ్రూపు దశలోనే ఇంటికి. అది తన చివరి ప్రపంచకప్ అని మార్తా అప్పటికే చెప్పింది. ఆగస్టు నెలాఖరుకు పియాను తప్పించారు.

ఈ ఓటమిని నేను మెత్తగా చెప్పదలచుకోలేదు. స్వీడన్‌లో పనికొచ్చిన క్రమశిక్షణ బ్రెజిల్‌లో బరువైంది. ఆ రోజు జమైకా కట్టింది, ఏడేళ్ల కిందట పియా తానే బ్రెజిల్ ముందు కట్టిన గోడే. దాన్ని ఎలా కట్టాలో తెలిసిన మనిషికి ఎలా పగలగొట్టాలో తోచలేదు. మాజీ స్ట్రైకర్‌కు తోచకపోవడం ఇంకా విచిత్రం. జట్టుకు తగ్గట్టు తనను మార్చుకోవడంలో ఆమెకు సాటి లేదని ఇంతసేపూ చెప్పాను. అది ప్రతిసారీ సాధ్యం కాలేదని కూడా చెప్పాలి.

అరవై నాలుగేళ్లు నిండబోతుండగా, 2024 జనవరిలో, స్విట్జర్లాండ్ జట్టును చేతికి తీసుకుంది. 2025 యూరో ఆ దేశంలోనే. మొదటి మ్యాచ్‌లో ముందు గోల్ కొట్టి కూడా నార్వే చేతిలో 2-1తో ఓడారు. ఐస్‌లాండ్ మీద గెలిచారు. జెనీవాలో ఫిన్లాండ్‌తో మ్యాచ్ డ్రా అయితే చాలు, కానీ ఆట చివరికొచ్చేసరికి 1-0తో వెనకబడి ఉన్నారు. తొంభై నిమిషాలు దాటాక రియోలా జెమాయిలి గోల్ చేసింది. స్విట్జర్లాండ్ మొదటిసారి యూరో క్వార్టర్ ఫైనల్ చేరింది. బెర్న్‌లో స్పెయిన్ 2-0తో గెలిచాక, గెలిచిన స్పెయిన్ అమ్మాయిలు రెండు వరుసలుగా నిలబడి, ఓడిన స్విస్ జట్టుకు చప్పట్లతో దారి ఇచ్చారు.

మన దగ్గరికి వచ్చి ఆపేస్తాను. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశం తరఫున ఫార్వర్డ్‌గా ఆడుతోంది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లొచ్చింది. ఆమెను ఇప్పుడు ఎవరూ మగపిల్లాడి పేరుతో ఆడించనక్కర్లేదు. కానీ ఆమె ఆట మానేసిన రోజు ఏమవుతుందన్నది నన్ను వేధిస్తోంది. రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం వస్తే చాలనుకుని మన దగ్గర ఎందరో మంచి ఫార్వర్డ్‌లు బూట్లు అటక మీద పెట్టేశారు. వాళ్ల కాళ్లు నేర్చుకున్నదంతా ఆ బూట్లతోనే అటకెక్కింది. కోచింగ్ లైసెన్సు పరీక్షలకు వచ్చే అమ్మాయిలను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఈ హాలులో వెనుక వరుసలో జెర్సీలతో కూర్చున్న పిల్లల్లో ఎవరైనా ఆ దరఖాస్తు గురించి అడగదలచుకుంటే, ముందు ఆ ప్రశ్నే తీసుకుంటాను. మైకు వాళ్లకు ఇవ్వండి.